దవడకు కంప్యూటరు కొలత – గడువు దాటితే బిళ్ళ కూర్చోదు

హైదరాబాదు, నాంపల్లి: తెల్లవారుజామున నాంపల్లి స్టేషనులో రైలు దిగే జనంలో ముఖానికి తువ్వాలు చుట్టుకున్న మనుషులు కొందరు కనిపిస్తారు. చలికి చుట్టుకున్న తువ్వాలు కాదది. ఒకరికి బుగ్గలో మానని పుండు. ఇంకొకరికి చిగురు పక్కన గడ్డ. ఒక చేతిలో బట్టల సంచి, మరో చేతిలో ఎక్సరేల కవరు. బయట ఆటోవాళ్ళు ఎక్కడికని అడగరు, "రెడ్‌హిల్సేనా?" అంటారు.

రెడ్‌హిల్స్‌లో వున్నది మెహదీ నవాజ్ జంగ్ పేరు మీద నడుస్తున్న ప్రభుత్వ కాన్సరు ఆసుపత్రి. స్టేషనుకు అవతలి పక్క ఆబిడ్స్ దాటి వెళితే కోఠీలో ప్రభుత్వ చెవి, ముక్కు, గొంతు ఆసుపత్రి వస్తుంది. ఇంకొంచెం ముందుకు పోతే అఫ్జల్‌గంజ్‌లో ఉస్మానియా ఆసుపత్రి, ఆ దాపునే ప్రభుత్వ దంత వైద్య కళాశాల. ఊళ్ళలో నోటి జబ్బుతోనో, మోటారు సైకిలు ప్రమాదంలో దవడ విరిగో పట్నం బయలుదేరిన వారిలో చాలామంది ఏదో ఒకనాటికి ఈ కొద్ది మైళ్ళ చుట్టూ తిరగక తప్పదు.

దవడ ఆపరేషను అనగానే మన ఊళ్ళలో రెండే ప్రశ్నలు పుడతాయి. మనిషి దక్కుతాడా? ముఖం ఎట్లా తయారవుతుంది? మూడో ప్రశ్న ఒకటి వున్నది. దాన్ని అడిగేవారు తక్కువ. ఆపరేషను తర్వాత పై పళ్ళు, కింది పళ్ళు మళ్ళీ ఒకదానిమీద ఒకటి సరిగా కూర్చుంటాయా? అవి కూర్చోకపోతే బతికి బయటపడిన మనిషి జొన్నరొట్టె ముక్క నమలలేడు. వెంట్రుకవాసి తేడా వచ్చినా నాలుకకు తెలిసిపోతుంది. రెండు మిల్లీమీటర్లు తప్పిందంటే భోజనమే మారిపోతుంది.

ఆ మూడో ప్రశ్నకు జవాబు వెతికే పనిలోనే ఇప్పుడు కంప్యూటరు దిగింది. డాక్టరు కత్తి పట్టకముందే ఆపరేషను మొత్తం ఒకసారి తెరమీద జరిగిపోతున్నది. దాని ప్రకారం పళ్ళ మధ్య పెట్టే బిళ్ళ, ఎముకను కోయడానికి మూస, ఎముకను పట్టి వుంచే లోహపు ప్లేటు యంత్రంలో తయారై వస్తున్నాయి. అయితే వీటన్నిటికీ ఒక షరతు వున్నది. అది తెలియక ఊళ్ళవాళ్ళే ఎక్కువగా నష్టపోయే ప్రమాదం వున్నది కాబట్టి ముందు పని జరిగే తీరు కాస్త వివరంగా చూడవలసి వుంటుంది.

పాత పద్ధతి: సుద్ద అచ్చు, రంపం, మైనం

పాత పద్ధతి చెడ్డదేమీ కాదు. ఎన్నో ఏళ్ళు ఎన్నో ముఖాలను అదే నిలబెట్టింది. ఈనాటికీ చాలాచోట్ల అదే నడుస్తున్నది.

రోగి నోట్లో మెత్తని ముద్ద పెట్టి పలువరుస అచ్చు తీస్తారు. అందులో ప్లాస్టర్ ఆఫ్ పారిస్ కలిపి పోస్తే తెల్లని సుద్దతో పళ్ళ బొమ్మ వస్తుంది. పై పళ్ళ బొమ్మను, కింది పళ్ళ బొమ్మను మడతబందు వంటి లోహపు సాధనంలో బిగిస్తారు. దాని పేరు ఆర్టిక్యులేటరు. దవడ ఎట్లా తెరుచుకుని మూసుకుంటుందో అది అట్లాగే ఆడుతుంది. తర్వాత చిన్న రంపంతో ఆ సుద్ద బొమ్మనే కోసి, దవడ ఎంత ముందుకు రావాలో, ఎంత వెనక్కు పోవాలో అంత జరిపి మైనంతో అతికిస్తారు. ఆ కొత్త అమరిక మీద రెండు పలువరుసల మధ్యా పట్టేట్లు ఒక ప్లాస్టిక్ బిళ్ళ పోస్తారు. దాన్నే స్ప్లింటు అంటారు.

ఆపరేషను బల్లమీద ఈ బిళ్ళే సర్వాధికారి. కోసిన దవడ చేతిలో వదులుగా ఆడుతుంటే దాన్ని ఎక్కడ నిలపాలో చెప్పేది అదొక్కటే. పై పళ్ళు దాని పై గుంటల్లో, కింది పళ్ళు దాని కింది గుంటల్లో సరిగ్గా కూర్చుంటే ఎముక తన కొత్త చోటికి వచ్చినట్లే. అప్పుడు ప్లేట్లు పెట్టి మరలు బిగిస్తారు. రెండు దవడలనూ జరపవలసి వస్తే రెండు బిళ్ళలు కావాలి. ముందు పై దవడను నిలపడానికి ఒకటి, ఆ తర్వాత కింది దవడకు మరొకటి.

చిక్కు ఎక్కడ వచ్చేదంటే, అచ్చులో కొంచెం, సుద్ద ఆరినప్పుడు కొంచెం, మైనం చల్లబడినప్పుడు కొంచెం – ఇట్లా చిన్న చిన్న తేడాలు ఒకదానిమీద ఒకటి పేరుకుపోయేవి. పైగా సుద్ద బొమ్మలో పళ్ళు తప్ప ఎముక కనిపించదు. పళ్ళు సరిపోయినా గడ్డం ఒక పక్కకు వాలిపోవచ్చు. మంచి పనివాడి చేతిలో ఇది కుదిరేది. మంచి పనివాళ్ళు అన్నిచోట్లా దొరకరు కదా!

సొరకాయ చక్రాల లెక్క

ఇప్పటి పద్ధతికి పునాది సి.టి. స్కానింగు. సొరకాయను పలుచని చక్రాలుగా తరిగి, ఆ చక్రాలను మళ్ళీ వరుసగా పేరిస్తే సొరకాయ ఆకారం ఎట్లా తిరిగి వస్తుందో, స్కానింగు యంత్రం తలను అట్లా చూస్తుంది. మిల్లీమీటరు మందం, అంతకన్నా పలుచని పొరలుగా ఎముక బొమ్మలు తీస్తుంది. కంప్యూటరు ఆ పొరలను పేర్చి దవడను తెరమీద నిలబెడుతుంది. దాన్ని తిప్పి చూడవచ్చు, కిందినుంచి చూడవచ్చు, లోపలి నరం ఏ దారిన పోతున్నదో కూడా చూడవచ్చు.

పళ్ళ దగ్గర మాత్రం ఈ స్కాను తడబడుతుంది. పంట్లో వెండి సిమెంటు నింపి వున్నా, లోహపు తొడుగు వున్నా ఆ చుట్టూ చుక్కల్లా, గీతల్లా మెరుపులు వచ్చి పంటి అంచు చెదిరిపోతుంది. బిళ్ళ చేయడానికి కావలసింది ఆ అంచే. అందుకని పళ్ళను విడిగా కొలుస్తారు. నోట్లో పెన్ను వంటి చిన్న కెమెరా తిప్పిగాని, సుద్ద బొమ్మను స్కానరు కింద పెట్టిగాని పళ్ళ ఉపరితలాన్ని కంప్యూటరులోకి ఎక్కిస్తారు. ఎముక సి.టి. నుంచి, పళ్ళు ఈ కెమెరా నుంచి. రెంటినీ తెరమీద ఒకచోటికి చేర్చి అతికిస్తారు. ఈ అతుకు సరిగా పడితేనే తరువాతి పనికి విలువ.

అప్పుడు డాక్టరు, ఇంజనీరు కూర్చుని తెరమీదే దవడను కోస్తారు. జరుపుతారు. బాగులేకపోతే వెనక్కు తెచ్చి మళ్ళీ కోస్తారు. సుద్దబొమ్మకు ఒక్కసారే కోత. తెరమీద పదిసార్లు కోసినా పైసా ఖర్చు లేదు. చివరికి ఒప్పుకున్న అమరికలో పై పళ్ళకూ కింది పళ్ళకూ మధ్య మిగిలిన ఖాళీ ఎంత వున్నదో అదే బిళ్ళ ఆకారం.

బిళ్ళను తయారు చేసే యంత్రాలు రెండు జాతులు. ఒకటి శిల్పి వంటిది: ముద్దను పెట్టి అక్కరలేనిది చెక్కేస్తుంది. రెండోది చెదపురుగు పుట్ట పెట్టినట్లు పని చేస్తుంది. తొట్టెలోని జిగురు ద్రవం మీద వెలుతురు పడినచోటల్లా అది గట్టిపడుతుంది. ఒక పొర గట్టిపడగానే దానిమీద ఇంకొక పొర. పొర మందం మిల్లీమీటరులో పదోవంతు, అంతకు తక్కువ కూడా. కొన్ని గంటల్లో బిళ్ళ లేచి నిలబడుతుంది. దాన్ని స్పిరిటులో కడిగి, మళ్ళీ వెలుతురులో ఆరబెట్టి, క్రిములు లేకుండా శుద్ధి చేసి ఆపరేషను గదికి పంపుతారు. దీనినే త్రీడీ ప్రింటింగు అంటున్నారు. ముద్రణ అన్న మాట విని కాగితం అనుకోనక్కరలేదు.

పన్ను కోసం పుట్టిన యంత్రం

తమాషా ఏమంటే ఈ విద్య దవడ కోసం పుట్టింది కాదు. ఫ్రాన్సులో ఫ్రాంస్వా ద్యురే అనే దంతవైద్యుడు 1970ల మొదట్లోనే పంటి అచ్చును ముద్దతో కాక వెలుతురుతో తీయవచ్చునని రాశాడు. మనుషులకు సి.టి. స్కానింగు మొదలైంది కూడా ఆ రోజుల్లోనే, 1971లో, ఇంగ్లండులో. స్విట్జర్లాండులోని జూరిచ్ విశ్వవిద్యాలయంలో 1985 సెప్టెంబరులో రోగిని కుర్చీలో కూర్చోబెట్టి, పన్ను కొలిచి, అక్కడికక్కడే యంత్రంతో పూరకం చెక్కి పెట్టారు. పొరలు పొరలుగా వస్తువును లేపే యంత్రానికి అమెరికాలో చార్లెస్ హల్ పేటెంటు పొందింది 1986లో. వేరువేరు దేశాల్లో, వేరువేరు పనుల కోసం పుట్టిన ఈ మూడూ కలిసిన తర్వాతనే దవడ వంతు వచ్చింది. 2011లో నెదర్లాండ్స్‌లో 83 ఏళ్ళ వృద్ధురాలికి చీము పట్టి పాడైన కింది దవడ మొత్తం తీసేసి, టైటానియం పొడిని లేసరుతో కరిగించి పొరలుగా పోసిన కొత్త దవడ అమర్చారు. దాని బరువు నూరు గ్రాములకు కాస్త ఎక్కువ.

టైటానియం మనకు కొత్త కాదు. హైదరాబాదులోనే కంచన్‌బాగ్‌లో 1973లో ఏర్పడిన మిశ్రధాతు నిగమ్, అదే మిధాని, రాకెట్లకు, విమానాలకు కావలసిన టైటానియం మిశ్రమాలు చేస్తుంది. వైద్యానికి పనికివచ్చే టైటానియమూ చేస్తుంది. ఉక్కు బరువులో ఇంచుమించు సగమే వుంటుంది. తుప్పు పట్టదు. ఎముక దానికి అంటుకుని పెరుగుతుంది. ఈ చివరి గుణమే దవడకు దాన్ని దగ్గర చేసింది.

కాలి ఎముక దవడకు

నోటి కాన్సరు కింది దవడలోకి పాకితే ఎముక ముక్కను తీసేయక తప్పదు. ఆ ఖాళీని అట్లా వదిలేస్తే గడ్డం లోపలికి పోతుంది, నాలుకకు ఆనుగడ వుండదు, చొంగ ఆగదు. ఆ చోట పెట్టే ఎముకను మోకాలి కిందినుంచి తెస్తారు. పిక్కలో రెండు ఎముకలున్నాయి. లావుది ఒంటి బరువు మోస్తుంది. పక్కనున్న సన్నటి ఎముక మోసేది తక్కువ. చీలమండ దగ్గర సుమారు ఆరు సెంటీమీటర్లు, పైన మోకాలి దగ్గర కొంత వదిలేసి మధ్య ముక్కను దాని రక్తనాళాలతో సహా తీసినా మనిషి నడవగలుగుతాడు. దవడకు ఈ ఎముకను వాడిన పద్ధతిని న్యూయార్కు డాక్టరు హిడాల్గో 1989లో ప్రకటించాడు.

అయితే కాలి ఎముక కర్రలా నిటారుగా వుంటుంది. దవడ లాడం ఆకారంలో వుంటుంది. నిటారు కర్రను రెండు మూడుచోట్ల ఏటవాలుగా కోసి మడిస్తేనే లాడం వస్తుంది. తలుపు చట్రం మూల కలిపే వడ్రంగికి ఈ బాధ తెలుసు. కోణం కొంచెం తప్పితే మూలలో సందు పడుతుంది. సందు పడితే ఎముక అతకదు. వడ్రంగికి టైము వున్నది. డాక్టరుకు లేదు. రక్తనాళం తెంచిన క్షణం నుంచి మెడలోని రక్తనాళానికి కలిపి కుట్టేదాకా ఆ ఎముకకు రక్తం అందదు.

కోత మూస ఇక్కడ ఆదుకుంటుంది. తెరమీద లెక్క కట్టిన కోణాల ప్రకారం సందులు తీసిన ప్లాస్టిక్ మూస అది. కాలి ఎముక మీద అది ఒకేచోట, ఒకే తీరున కూర్చుంటుంది. రంపం ఆ సందులోనుంచే పోవాలి. ఎముకకు ఇంకా కాలినుంచి రక్తం అందుతుండగానే ముక్కలు కోసి లాడంగా మడిచి, ముందే వంపు తీర్చిన ప్లేటు బిగించేయవచ్చు. దవడ దగ్గర కూడా ఇటువంటి మూసే వుంటుంది. గడ్డ అంచునుంచి ఎంత దూరంలో కోయాలో అది చూపుతుంది.

చిన్నపిల్లల సంగతి కూడా ఇక్కడే చెప్పుకోవాలి. చెట్టుమీదనుంచో, అరుగు మీదనుంచో గడ్డం మీద పడిన బిడ్డకు పైకి గాయం మానిపోతుంది. చెవి ముందు వుండే దవడ కీలు లోలోపల ఎముకగా అతుక్కుపోవచ్చు. రెండేళ్ళు పోయాక నోరు తెరుచుకోదు, గడ్డం పెరగదు. ముద్దు చేస్తున్నాడని, తినడానికి మారాం చేస్తున్నాడని ఇంట్లోవాళ్ళు అనుకుంటారు. ఇటువంటి కీలును విడదీసేటప్పుడు అతుకు ఎక్కడ ఎంత మందం వున్నదో స్కానింగు చూపుతుంది. పుర్రె అడుగు పక్కనే వుంటుంది కాబట్టి ఆ కొలత బిడ్డ ప్రాణంతో సమానం.

పై దవడ పోయినవారు

2021లో కరోనా రెండో విడత తర్వాత వచ్చిన నల్ల ఫంగసు చాలామందికి గుర్తుండే వుంటుంది. ఆ మే నెలలోనే తెలంగాణ ప్రభుత్వం ఆ జబ్బు వచ్చిన ప్రతి కేసునూ తెలియజేయాలని ఉత్తర్వు ఇచ్చింది. కోఠీ ఆసుపత్రిని దానికే ముఖ్య కేంద్రం చేశారు. బూజు పట్టి చచ్చిపోయిన ఎముకను తీసేస్తేనే ప్రాణం దక్కే స్థితి. పై దవడలో సగమో, మొత్తమో పోగొట్టుకుని ఇళ్ళకు చేరినవారున్నారు.

పై దవడ పోతే అంగిట్లో రంధ్రం పడుతుంది. తాగిన మంచినీళ్ళు ముక్కులోనుంచి కారతాయి. మాట గుణగుణమని ముక్కుతో వస్తుంది, ఎదుటివాడికి అర్థం కాదు. నలుగురిలో కూర్చుని భోజనం చేయడానికి మనిషి ముఖం చాటేస్తాడు. పెళ్ళికి పిలిచినా పోడు. జబ్బు నయమైంది కదా అని చుట్టాలు అంటారుగాని, వాడి బాధ వాడిది.

ఆ రంధ్రాన్ని మూసే బిళ్ళను ఆబ్చురేటరు అంటారు. కట్టుడు పళ్ళ సెట్టుకు రంధ్రంలోకి దిగే బిరడా వున్నట్లు వుంటుంది. పెట్టుకున్న నిమిషంలోనే మాట తిరిగి వస్తుంది! పాత పద్ధతిలో దీనికి అచ్చు తీయడమే నరకం. పచ్చి పుండులో ముద్ద పెట్టాలి. గుట్కా నమిలి నమిలి నోరు బిగుసుకుపోయినవారికి, కరెంటు వైద్యం తర్వాత దవడ పట్టేసినవారికి అచ్చు తీసే గిన్నె నోట్లోకి పోనే పోదు. సి.టి. స్కానుకు నోరు తెరవనక్కరలేదు. రంధ్రం కొలత దాన్నుంచి తీసి, మూస ప్రింటు చేసి, దానిమీద బిరడా మలుచుకోవచ్చు. కంప్యూటరు వల్ల రోగికి నేరుగా నొప్పి తగ్గిన చోటు ఏదైనా వున్నదంటే ఇదే.

కొలతకు గడువు వున్నది

ఇంతకీ ముందు చెప్పిన షరతు ఏమిటి? యంత్రం చేసే బిళ్ళ, మూస, ప్లేటు స్కాను తీసిననాటి దవడకు సరిపోతాయి. ఆపరేషనునాటి దవడకు కాదు. ఈ రెండు రోజులూ ఎంత దగ్గరగా వుంటే అంత మంచిది.

మన ఊళ్ళలో జరిగేది వేరు. స్కానింగు అయిందనగానే సగం వైద్యం అయినట్లు లెక్క. పత్తి తీత వున్నదని, వరి కోత అయ్యాక వస్తామని, అమావాస్య దాటనీయమని రోగిని ఇంటికి తీసుకుపోతారు. డబ్బు సర్దుబాటు కాక పోయేవారూ వున్నారు, వారిని అనడానికి లేదు. కానీ కాన్సరు గడ్డ కోతల కోసం ఆగదు. నాలుగైదు వారాల తర్వాత వచ్చేసరికి మూసలో కోత పెట్టిన చోటును గడ్డ దాటిపోయి వుంటే ఆ మూస చెత్తబుట్టకే. ఇంకా లోపలికి కోయవలసి వస్తుంది, కాలి ఎముక పొడవు సరిపోదు, ప్లేటు చాలదు. మళ్ళీ స్కాను, మళ్ళీ లెక్క, మళ్ళీ ఖర్చు. లేదా అన్నీ పక్కన పెట్టి డాక్టరు పాత పద్ధతిలో కంటి అంచనాతోనే కానిస్తాడు.

పళ్ళ సంగతి ఇంకా సున్నితం. కొలత ఇచ్చి వచ్చిన తర్వాత ఊళ్ళో పన్ను పీకించుకున్నా, కదిలే పన్ను దానంతటది ఊడిపోయినా, కొత్తగా తొడుగు వేయించుకున్నా బిళ్ళ కూర్చోదు. పళ్ళకు తీగ కట్టించుకున్నవారికి తీగ బిగువు మారినా అంతే. పన్ను నొప్పి పుట్టడం తప్పు కాదు. ఆసుపత్రికి చెప్పకుండా పీకించుకోవడం వల్లనే చిక్కు. చెబితే కొత్తగా కొలత తీస్తారు.

కరెంటు వైద్యం చేయించుకోబోయేవారికి ఇది మరీ ముఖ్యం. పీకవలసిన పళ్ళు ఆ వైద్యం మొదలు కాకముందే పీకించి, పుండు మాననివ్వాలి. ఆ తర్వాత పీకితే దవడ ఎముక మానక కుళ్ళిపోయే ప్రమాదం వున్నది.

ఖర్చు మాట

ప్లాస్టిక్ బిళ్ళ, మూస ఖర్చు తక్కువే. ఆసుపత్రిలోనే ప్రింటరు వుంటే మరీ తక్కువ. టైటానియంతో ఒక్క మనిషి కోసం ప్రత్యేకంగా పోయించే ప్లేటు, కృత్రిమ కీలు మాత్రం సామాన్యుడికి భారమే. దవడ విరిగినవారందరికీ అది అవసరం కూడా కాదు. మామూలు ప్లేటును దవడ ప్రింటు బొమ్మ మీద ముందుగానే వంచి వుంచుకుంటే చాలా కేసుల్లో పని జరిగిపోతుంది. కంప్యూటరు పేరు చెప్పి ఖరీదైనది అంటగడుతున్నారని అనుమానం వస్తే ఎందుకు అవసరమో అడగడంలో తప్పు లేదు.

2007లో ఉమ్మడి రాష్ట్రంలో మొదలైన ఆరోగ్యశ్రీ పరిమితిని తెలంగాణలో 2023 డిసెంబరులో పది లక్షల రూపాయలకు పెంచారు. ఆపరేషను ఆ పథకం కింద వచ్చినా, బయట తయారు చేయించే ప్రత్యేకమైన ప్లేటు అందులో కలుస్తుందా లేదా అన్నది ముందుగానే ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను అడిగి తెలుసుకోవాలి. ఆపరేషను ముందురోజు తెలిస్తే అప్పటికప్పుడు అప్పు పుట్టదు.

పట్నం పోయేటప్పుడు వెంట తీసుకుపోవలసినవి రెండు. స్కానింగు ఫిల్ములతోపాటు దాని సి.డి. ఫిల్మును చూసి జబ్బు చెప్పవచ్చుగాని బిళ్ళ చేయలేరు, కంప్యూటరుకు కావలసిన లెక్కలు సి.డి.లోనే వుంటాయి. దాన్ని పిల్లలకు ఆడుకోవడానికి ఇచ్చిన ఇళ్ళు లేకపోలేదు. రెండోది, పాత కట్టుడు పళ్ళ సెట్టు వుంటే అది. పళ్ళు లేని దవడకు పూర్వం నోరు ఎంత ఎత్తులో మూసుకునేదో దాన్ని చూసి తెలుసుకోవచ్చు.

నోరు బాగున్నదో లేదో ఇంట్లోనే చూసుకునే పరీక్ష ఒకటి వున్నది. ఎవరి వేళ్ళు వారివే, మూడు వేళ్ళు ఒకదానిమీద ఒకటి నిలువుగా పెట్టి ముందు పళ్ళ మధ్య పట్టి చూడాలి. పడితే సరే. గుట్కా, ఖైనీ, పాన్ నమిలేవారికి రెండు వేళ్ళు కూడా పట్టకపోతే, లేదా నోట్లో పుండు రెండు మూడు వారాలైనా మానకపోతే మందుల షాపులో గోలీ కొనుక్కోవడం మాని ఆసుపత్రికి పోవాలి.

ఆపరేషను తర్వాత బిళ్ళ పని అయిపోతుంది. రోగి పని అప్పుడే మొదలవుతుంది. కొన్ని వారాలపాటు జావ, మెత్తటి అన్నం, పప్పుకట్టు. నోరు మళ్ళీ బిగుసుకుపోకుండా డాక్టరు చెప్పిననాటినుంచి వ్యాయామం. ఇందుకు కంప్యూటరేమీ అక్కరలేదు. ఐస్‌క్రీం పుల్లలను ఒకదానిమీద ఒకటి పేర్చి పళ్ళ మధ్య పెట్టుకుని కాసేపు వుండాలి. పట్టినన్ని పట్టాక మధ్యలోకి ఇంకొక పుల్ల దూర్చాలి. నొప్పి పుడుతుంది. పొద్దున, మధ్యాహ్నం, రాత్రి పడుకునే ముందు. ఈ వారం ఎన్ని పుల్లలు పట్టాయో కాగితం మీద రాసుకుని, మళ్ళీ చూపించుకోవడానికి పోయినప్పుడు ఆ కాగితం డాక్టరుకు చూపాలి.